లాంబ్డా సెన్సరు

లాంబ్డా సెన్సరు అనేది పెట్రోలు ఇంజను నుండి వెలువడే వాయువులలో మిగిలి ఉన్న ఆక్సిజన్‌ను పసిగట్టి, ఆ సమాచారాన్ని విద్యుత్ సంకేతంగా ఇంజను కంప్యూటరుకు అందించే పరికరం. దీనినే ఆక్సిజన్ సెన్సరు అని, మెకానిక్కుల వాడుకలో ఓ-టూ సెన్సరు అని కూడా అంటారు. ఇంజను లోపలికి వెళ్ళే గాలి, పెట్రోలు సరైన పాళ్ళలో కలిశాయా లేదా అన్న సంగతిని, అవి మండి బయటకు వచ్చిన తరువాత పరీక్షించి తెలుసుకోవడం ఈ పద్ధతిలోని విశేషం. కట్టెల పొయ్యి సరిగా మండుతున్నదో లేదో దాని పొగను చూసి చెప్పడం వంటిదే ఇది. 1976లో స్వీడన్ దేశపు వోల్వో సంస్థ కార్లలో ఈ సెన్సరును మొదటిసారిగా అమర్చారు. నేడు తయారయ్యే దాదాపు ప్రతి పెట్రోలు కారులోను, భారతదేశంలో 2020 తరువాత తయారైన మోటారు సైకిళ్ళు, స్కూటర్లలో అత్యధిక భాగంలోను ఇది ఉంటుంది.

గాలి, పెట్రోలు పాళ్ళు

పెట్రోలు అనేక హైడ్రోకార్బన్ల మిశ్రమం. ఉదాహరణకు వీటిలో ఒకటైన ఐసో ఆక్టేన్‌ను తీసుకుందాం. దీని అణువులో 8 కార్బన్, 18 హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. ఇది పూర్తిగా మండి కార్బన్ డయాక్సైడ్‌గా, నీటి ఆవిరిగా మారాలంటే ఒక్కొక్క అణువుకు పన్నెండున్నర ఆక్సిజన్ అణువులు కావాలి. అంటే 114 గ్రాముల ఐసో ఆక్టేన్‌కు 400 గ్రాముల ఆక్సిజన్ అవసరం. గాలి బరువులో ఆక్సిజన్ సుమారు 23.2 శాతమే కనుక, 400 గ్రాముల ఆక్సిజన్ కోసం 1,724 గ్రాముల గాలి పీల్చుకోవాలి. 1,724ను 114 చేత భాగిస్తే 15.1 వస్తుంది. బంకులో దొరికే పెట్రోలులో కార్బన్ పాలు మరికొంత ఎక్కువగా ఉన్న బెంజీన్ జాతి పదార్థాలు కూడా ఉంటాయి. అందుచేత దాని విషయంలో ఈ సంఖ్య సుమారు 14.7కు తగ్గుతుంది. ఒక కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి అన్నమాట. దీనిని సమతుల్య నిష్పత్తి అనవచ్చు. ఘనపరిమాణంలో చెప్పాలంటే, ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి. వాహనం మోసుకుపోయే ఇంధనం కంటె దారిలో పీల్చుకునే గాలే ఎంతో ఎక్కువ.

ఇంజనులోకి నిజంగా వచ్చిన గాలిని, ఆ ఇంధనానికి సరిగ్గా అవసరమైన గాలితో భాగిస్తే వచ్చే సంఖ్యకు గ్రీకు అక్షరమైన లాంబ్డాను గుర్తుగా వాడతారు. సెన్సరుకు ఆ పేరు రావడానికి కారణం ఇదే. లాంబ్డా విలువ 1 అయితే పాళ్ళు సమతుల్యం. 1 కంటె తక్కువైతే పెట్రోలు ఎక్కువై గాలి చాలలేదని అర్థం. దీనిని చిక్కని మిశ్రమం అంటారు. 1 కంటె ఎక్కువైతే గాలి మిగిలిందని అర్థం. దీనిని పలుచని మిశ్రమం అంటారు. వర్క్‌షాపులలో వీటినే రిచ్ అని, లీన్ అని పిలుస్తారు. 14.7 అన్న సంఖ్య పెట్రోలుకే చెల్లుతుంది, సి.ఎన్.జి.కి అది సుమారు 17, స్వచ్ఛమైన ఇథనాలుకు 9. లాంబ్డాకు మాత్రం ఇంధనం ఏదైనా 1 అంటే సమతుల్యమే. ఈ సౌలభ్యం వల్లనే ఇంజనీర్లు నిష్పత్తి కంటె లాంబ్డాతోనే లెక్కలు కట్టడానికి ఇష్టపడతారు.

ఇక్కడ విద్యార్థులకు ఒక సందేహం కలగడం సహజం. ఇంజను గరిష్ఠ శక్తిని ఇచ్చేది లాంబ్డా 0.9 ప్రాంతంలో. తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం పోయేది 1.05 నుండి 1.1 వరకు ఉన్నప్పుడు. మరి శక్తికీ, పొదుపుకూ కూడా ఉత్తమం కాని 1 అనే విలువను అంత శ్రమపడి నిలపడం ఎందుకు? దీనికి సమాధానం ఇంజనులో లేదు, పొగగొట్టంలో ఉన్నది.

మూడు కాలుష్యాలు, ఒక ఉత్ప్రేరకం

పెట్రోలు ఇంజను వెలువరించే ప్రధాన కాలుష్యాలు మూడు. గాలి చాలక సగం మండిన కార్బన్ వల్ల కార్బన్ మోనాక్సైడ్ ఏర్పడుతుంది. మండకుండా మిగిలిపోయిన పెట్రోలు హైడ్రోకార్బన్ల రూపంలో బయటకు వస్తుంది. తీవ్రమైన వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లుగా మారుతుంది. మొదటి రెండింటిని నిర్మూలించాలంటే వాటికి ఆక్సిజన్‌ను జతచేయాలి, అంటే ఆక్సీకరణం చెందించాలి. మూడవదానిని నిర్మూలించాలంటే దాని నుండి ఆక్సిజన్‌ను లాగివేయాలి, అంటే క్షయకరణం చెందించాలి. ఒకే గొట్టంలో, ఒకే సమయంలో, ఈ రెండు వ్యతిరేక క్రియలూ జరగాలి.

త్రిముఖ ఉత్ప్రేరక కన్వర్టరు చేసే పని ఇదే. సన్నని రంధ్రాలు గల తేనెతుట్టె వంటి పింగాణీ దిమ్మపై ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాలను అతి పలుచగా పూసి దీనిని తయారు చేస్తారు. నైట్రోజన్ ఆక్సైడ్ల వద్ద ఉన్న ఆక్సిజన్‌ను లాగి, కార్బన్ మోనాక్సైడ్‌కు, హైడ్రోకార్బన్లకు అందించడం దీని పని. ఒకరి వద్ద అదనంగా ఉన్నది, మరొకరికి లేనిది ఒకటే కనుక ఈ ఇచ్చిపుచ్చుకోవడం సాధ్యమవుతున్నది. అయితే ఇచ్చేదీ పుచ్చుకునేదీ సరిసమానంగా ఉండాలి. మిశ్రమం కొంచెం పలుచనైతే వాయువులో ఆక్సిజన్ విడిగానే దొరుకుతుంది కనుక నైట్రోజన్ ఆక్సైడ్ల జోలికి పోవలసిన అవసరం ఉండదు, అవి అలాగే బయటకు పోతాయి. కొంచెం చిక్కనైతే ఆక్సిజన్ చాలక కార్బన్ మోనాక్సైడ్ మిగిలిపోతుంది. మూడింటినీ 90 శాతానికి పైగా తొలగించగలిగే పరిధి లాంబ్డా 1 చుట్టూ కేవలం ఒక శాతం లోపు వెడల్పు గల సన్నని సందు మాత్రమే.

పాత కార్బ్యురేటరు ఈ సందులో నిలువలేదు. సన్నని జెట్ రంధ్రం గుండా పెట్రోలును గాలి పీల్చుకుపోయే ఆ పరికరంలో, గాలి వేడెక్కినా, వాహనం కొండ ఎక్కినా, రంధ్రం అరిగినా పాళ్ళు మారిపోతాయి. 1,000 మీటర్ల ఎత్తుకు పోతే గాలి సాంద్రత సుమారు పదో వంతు తగ్గుతుంది, ఆ సంగతి జెట్‌కు తెలియదు. ఎంత నేర్పుగా ట్యూనింగ్ చేసినా అది ఆ నాటి ఆ వాతావరణానికి మాత్రమే సరిపోతుంది. కనుక ఫలితాన్ని చూసి ఎప్పటికప్పుడు దిద్దుకునే ఏర్పాటు తప్పనిసరి అయింది.

సెన్సరు నిర్మాణం

చూడడానికి ఇది స్పార్కు ప్లగ్గును పోలి ఉంటుంది. పొగగొట్టానికి ఉన్న మరలలో దీనిని బిగిస్తారు. లోపల ఉండే ముఖ్య భాగం జిర్కోనియం డయాక్సైడ్ అనే పింగాణీ పదార్థంతో చేసిన, ఒక కొస మూసి ఉన్న చిన్న గొట్టం. ఆకారంలో ఇది దర్జీలు వేలికి తొడుక్కునే అంగుస్తానాను తలపిస్తుంది. దాని వెలుపలి తలం నిర్గమ వాయువులకు, లోపలి తలం బయటి స్వచ్ఛమైన గాలికి తగిలేలా అమరుస్తారు. రెండు తలాలపైన వాయువులు చొరబడగల పలుచని ప్లాటినం పొరలు ఉంటాయి. ఇవే ఎలక్ట్రోడులు. 1990ల చివరి నుండి గొట్టానికి బదులు పలుచని పలకలను ఒకదానిపై ఒకటి పేర్చి చేసిన బల్లపరుపు రకం కూడా వాడుకలోకి వచ్చింది.

స్వచ్ఛమైన జిర్కోనియం డయాక్సైడ్‌లో కొద్ది శాతం యిట్రియం ఆక్సైడ్‌ను కలుపుతారు. జిర్కోనియం అయానుకు నాలుగు ధనావేశాలు, యిట్రియం అయానుకు మూడే. ఈ లోటును సరిపెట్టుకోవడానికి స్ఫటికంలో అక్కడక్కడ ఆక్సిజన్ ఉండవలసిన చోటు ఖాళీగా మిగిలిపోతుంది. బాగా వేడెక్కినప్పుడు ఆక్సిజన్ అయానులు ఈ ఖాళీల నుండి ఖాళీలకు దూకుతూ ప్రయాణిస్తాయి. ఈ విధంగా ద్రవం ఏదీ లేకుండానే ఘనపదార్థమే విద్యుద్విశ్లేష్యంగా పనిచేస్తుంది. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటితే గాని ఇది చురుకుగా సాగదు. తొలి సెన్సర్లు పొగ వేడితోనే వేడెక్కేవి, వాటికి ఒకే తీగ ఉండేది. 1980ల ఆరంభంలో సెన్సరులోనే విద్యుత్ హీటరును అమర్చడం మొదలైంది. నాలుగు తీగలున్న సెన్సరులో రెండు హీటరువి, ఒకటి సంకేతానిది, మరొకటి దాని ఎర్తుది.

వోల్టేజి ఎందుకు ఒక్కసారిగా మారుతుంది

లోపలి గాలిలో ఆక్సిజన్ ఎక్కువ, బయటి పొగలో తక్కువ. ఎక్కువ ఉన్న వైపు నుండి తక్కువ ఉన్న వైపుకు ఆక్సిజన్ అయానులు కదలడానికి ప్రయత్నిస్తాయి. దీనివల్ల రెండు ఎలక్ట్రోడుల నడుమ వోల్టేజి పుడుతుంది. జర్మను శాస్త్రవేత్త వాల్తర్ నెర్న్‌స్ట్ 1889లో ప్రకటించిన సమీకరణం ప్రకారం ఈ వోల్టేజి, రెండు వైపుల ఆక్సిజన్ పాక్షిక పీడనాల నిష్పత్తి యొక్క లాగరిథంకు అనులోమానుపాతంలో ఉంటుంది. 600 డిగ్రీల వద్ద లెక్క కడితే, పీడనాల మధ్య ప్రతి పది రెట్ల తేడాకు సుమారు 43 మిల్లీవోల్టులు వస్తాయి.

పలుచని మిశ్రమం మండిన తరువాత పొగలో, ఉదాహరణకు, ఒక శాతం ఆక్సిజన్ మిగిలిందనుకుందాం. గాలిలో ఉన్నది 21 శాతం. తేడా 21 రెట్లు. లెక్క ప్రకారం వోల్టేజి సుమారు 57 మిల్లీవోల్టులు మాత్రమే. ఇప్పుడు మిశ్రమం చిక్కనైనదనుకుందాం. పొగలో ఇంకా పిసరంత ఆక్సిజన్ ఉన్నప్పటికీ, సెన్సరు పైనున్న ప్లాటినం ఉత్ప్రేరకంగా పనిచేసి, ఆ మిగిలిన ఆక్సిజన్‌ను అక్కడే ఉన్న కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్‌లతో కలిపివేస్తుంది. ఎలక్ట్రోడు తలంపై మిగిలేది నామమాత్రపు ఆక్సిజన్. దాని పాక్షిక పీడనం వాతావరణ పీడనంలో ఒకటి పక్కన ఇరవై సున్నాలు పెట్టినంత సంఖ్యలో ఒక వంతు స్థాయికి పడిపోతుంది. పందొమ్మిది సార్లకు పైగా పది రెట్ల తేడా! 43 మిల్లీవోల్టుల చొప్పున లెక్క కడితే ఇది సుమారు 840 మిల్లీవోల్టులు అవుతుంది.

లాంబ్డా 1కి ఇటు 0.1 వోల్టు, అటు 0.8 లేదా 0.9 వోల్టు ఉండడానికి, నడుమ నిట్టనిలువుగా మారడానికి కారణం ఇదే. కంప్యూటరు సాధారణంగా 0.45 వోల్టును గీటురాయిగా తీసుకుంటుంది. అంతకు మించితే చిక్కన, తగ్గితే పలుచన. అయితే ఎంత చిక్కన, ఎంత పలుచన అన్నది ఈ సెన్సరు చెప్పలేదు. కూర రుచి చూసి "ఉప్పెక్కువ" లేదా "ఉప్పు తక్కువ" అని మాత్రమే చెప్పి, ఎంత అన్నది చెప్పని మనిషి వంటిది ఇది. కొన్ని పుస్తకాలలో "ఈ సెన్సరు గాలి-ఇంధన నిష్పత్తిని కొలుస్తుంది" అని రాస్తారు. సాధారణ రకానికి సంబంధించినంతవరకు ఆ మాట సరికాదు. ఇది కొలిచే సాధనం కంటె మీట వంటిది.

నియంత్రణ వలయం

ఇంజను కంప్యూటరు ముందుగా తనకు తెలిసిన సమాచారం మీద ఆధారపడి పెట్రోలు మోతాదును అంచనా వేస్తుంది. లోపలికి వచ్చే గాలి ఎంత, లేదా ఇన్‌టేక్ గొట్టంలో పీడనం ఎంత, ఇంజను వేగం ఎంత, ఉష్ణోగ్రత ఎంత అన్నవి చూసి, ఇంజెక్టరును ఎన్ని మిల్లీసెకన్లు తెరిచి ఉంచాలో నిర్ణయిస్తుంది. ఇంజను ఊరకే తిరుగుతున్నప్పుడు ఇది రెండు మూడు మిల్లీసెకన్లు ఉంటుంది. ఈ అంచనా ఎప్పుడూ కొద్దిగా తప్పుతుంది. ఆ తప్పును దిద్దడమే లాంబ్డా సెన్సరు పని.

సెన్సరు "పలుచన" అన్నంతసేపు కంప్యూటరు పెట్రోలును కొద్దికొద్దిగా పెంచుతూ పోతుంది. కొంతసేపటికి సెన్సరు "చిక్కన" అంటుంది. వెంటనే ఒక మెట్టు తగ్గించి, తరువాత నెమ్మదిగా తగ్గిస్తూ వస్తుంది. మళ్ళీ "పలుచన". ఈ ఊగిసలాట ఇంజను నడుస్తున్నంతసేపూ, సెకనుకు ఒకటి రెండు సార్ల చొప్పున సాగుతూనే ఉంటుంది. ఇంజను వేగం పెరిగితే ఊగిసలాట వేగం కూడా పెరుగుతుంది. దీనికి కారణం ఆలస్యం. ఇప్పుడు చల్లిన పెట్రోలు సిలిండరులో మండి, పొగగా మారి, గొట్టంలో ప్రయాణించి సెన్సరును చేరే లోపల కంప్యూటరు మరికొంత దిద్దేసి ఉంటుంది. అందువల్ల ప్రతిసారీ గీత దాటిపోక తప్పదు.

ఒక్క క్షణమైనా సరిగ్గా 1 మీద నిలువని ఈ పద్ధతి మొదటి చూపులో లోపభూయిష్టంగా కనిపిస్తుంది. కాని ఉత్ప్రేరక కన్వర్టరుకు ఇది చక్కగా సరిపోయింది. కన్వర్టరు పూతలో సీరియం ఆక్సైడ్ కూడా ఉంటుంది. పలుచని సగంలో ఇది అదనపు ఆక్సిజన్‌ను దాచుకుని, చిక్కని సగంలో తిరిగి ఇస్తుంది. సెన్సరు ఊగినా సగటు 1 వద్ద ఉంటే చాలు, కన్వర్టరుకు స్థిరమైన వాయువు అందినట్లే. ఈ మొత్తం విషయంలో మెచ్చుకోదగిన అంశం ఇదే అనిపిస్తుంది. ఖచ్చితంగా కొలవలేని సెన్సరు, వెంటనే దిద్దలేని కంప్యూటరు, అటూ ఇటూ సర్దుకునే కన్వర్టరు కలిసి, విడివిడిగా ఏ ఒక్కటీ సాధించలేని ఖచ్చితత్వాన్ని సాధిస్తున్నాయి.

దిద్దుబాటు శాతాలను కంప్యూటరు గుర్తుపెట్టుకుంటుంది. అప్పటికప్పుడు చేసే దానిని స్వల్పకాలిక ఫ్యూయల్ ట్రిమ్ అని, ఎప్పుడూ ఒకే వైపుకు దిద్దవలసి వస్తున్నదని గ్రహించి మూల అంచనాలోనే చేసే సవరణను దీర్ఘకాలిక ఫ్యూయల్ ట్రిమ్ అని అంటారు. ఉదాహరణకు ఇంజెక్టరులో మడ్డి పేరుకుంటే పెట్రోలు తక్కువ పడుతుంది, కంప్యూటరు కొన్ని రోజులలో 8 శాతం అదనంగా తెరవడం నేర్చుకుంటుంది. నడిపేవారికి తేడా తెలియదు. దిద్దుబాటు తన హద్దును చేరినప్పుడు మాత్రమే హెచ్చరిక దీపం వెలుగుతుంది. పి0171 (పలుచన), పి0172 (చిక్కన) అనే సంకేతాలు ఇటువంటి సందర్భాలవే.

ఈ వలయం అన్ని వేళలా పనిచేయదు. చల్లని ఇంజనును మొదలుపెట్టినప్పుడు సెన్సరు వేడెక్కే వరకు కంప్యూటరు అంచనాతోనే నడుస్తుంది. పైగా అప్పుడు కావాలనే చిక్కని మిశ్రమం ఇస్తుంది. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినప్పుడు శక్తి కోసం, భాగాలు మరీ వేడెక్కకుండా ఉండడం కోసం సెన్సరు మాటను పక్కన పెట్టడం చాలాకాలం ఆనవాయితీగా ఉండేది. ఒక పూట ప్రయాణంలో వెలువడే కాలుష్యంలో పెద్ద భాగం తొలి ఒకటి రెండు నిమిషాలలోనే వెలువడడానికి, చల్లని కన్వర్టరుతో పాటు ఈ తెరచిన వలయం కూడా కారణం.

చరిత్ర

వేడి జిర్కోనియం డయాక్సైడ్ మిశ్రమం విద్యుత్తును ప్రవహింపజేస్తుందని 19వ శతాబ్దం చివరి ఏళ్ళలోనే నెర్న్‌స్ట్ గమనించి, దానితో ఒక దీపాన్ని తయారు చేశాడు. టంగ్‌స్టన్ దీపాలు రాగానే ఆ దీపం మరుగున పడింది. 1943లో కార్ల్ వాగ్నర్ అనే మరొక జర్మను శాస్త్రవేత్త, స్ఫటికంలోని ఆక్సిజన్ ఖాళీల వల్లనే ఈ ప్రవాహం సాధ్యమవుతున్నదని వివరించాడు. దీపం కోసం పుట్టిన పదార్థం ఆ విధంగా మోటారు వాహనాల కోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది.

అవసరం అమెరికాలో ఏర్పడింది. లాస్ ఏంజెలెస్ నగరాన్ని కమ్మే స్మాగ్‌కు వాహనాల నుండి వచ్చే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి చర్య జరపడమే మూలమని 1950ల ఆరంభంలో ఆరీ హాగెన్-స్మిట్ నిరూపించాడు. 1970 నాటి పరిశుద్ధ వాయు చట్టం వాహన కాలుష్యాన్ని 90 శాతం తగ్గించాలని ఆదేశించింది. 1975 నమూనా అమెరికన్ కార్లకు కన్వర్టర్లు వచ్చాయి గాని, అవి ఆక్సీకరణం మాత్రమే చేయగలిగేవి. నైట్రోజన్ ఆక్సైడ్ల సంగతి తేలాలంటే త్రిముఖ ఉత్ప్రేరకం కావాలి, అది పనిచేయాలంటే పాళ్ళు ఖచ్చితంగా ఉండాలి. జర్మనీకి చెందిన రాబర్ట్ బాష్ సంస్థ తయారు చేసిన సెన్సరుతో, వోల్వో 1976లో కాలిఫోర్నియా విపణి కోసం 1977 నమూనా 240 శ్రేణి కార్లను విడుదల చేసింది. కారు ముందరి జాలీపై "లాంబ్డా సోండ్" అనే ఫలకాన్ని కూడా తగిలించారు. సోండ్ అంటే స్వీడిష్ భాషలో శోధిని అని అర్థం. కాలుష్య నియంత్రణ పరికరాన్ని గొప్పగా చెప్పుకుంటూ కారు ముఖం మీదే రాసుకోవడం అరుదైన సంగతి.

1980ల ఆరంభంలో అమెరికన్ సంస్థలు కార్బ్యురేటరునే విద్యుత్ కవాటంతో దిద్దే పద్ధతిని కొంతకాలం ప్రయత్నించాయి. ఇంజెక్టర్లు చౌకబడడంతో అది కనుమరుగైంది. 1996 నమూనా నుండి అమెరికాలో ఓ.బి.డి.-2 నిబంధనలు తప్పనిసరి కావడంతో కన్వర్టరు తరువాత రెండవ సెన్సరును అమర్చడం మొదలైంది. కన్వర్టరు బాగా పనిచేస్తుంటే దాని తరువాత ఉన్న సెన్సరు వోల్టేజి దాదాపు నిలకడగా ఉంటుంది. అది కూడా మొదటి దానిలాగే ఊగడం మొదలుపెడితే కన్వర్టరు ఆక్సిజన్‌ను దాచుకునే శక్తిని కోల్పోయిందని అర్థం.

భారతదేశంలో

సీసం కలిసిన పెట్రోలు ఉన్నంతకాలం ఈ వ్యవస్థ మన దేశానికి రావడం సాధ్యం కాలేదు. సీసం సెన్సరు మీది ప్లాటినాన్ని, కన్వర్టరులోని లోహాలను కప్పివేసి నిరుపయోగం చేస్తుంది. 1995 ఏప్రిల్‌లో ఢిల్లీ, ముంబాయి, కలకత్తా, మద్రాసు నగరాలలో సీసం లేని పెట్రోలును ప్రవేశపెట్టి, అక్కడ అమ్మే కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టరును తప్పనిసరి చేశారు. 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మకానికి వచ్చింది. అదే కాలంలో కార్ల వెనుక కనబడసాగిన "ఎం.పి.ఎఫ్.ఐ." అనే అక్షరాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. సిలిండరుకు ఒక ఇంజెక్టరు చొప్పున ఉన్నదని చెప్పే ఆ అక్షరాల వెనుక, ఎవరికీ కనబడకుండా పొగగొట్టంలో లాంబ్డా సెన్సరు కూడా ఉండేది.

ద్విచక్ర వాహనాలలో పెద్ద మార్పు 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్-6 నిబంధనలతో వచ్చింది. అప్పటివరకు కార్బ్యురేటరుతో నడిచిన నూరు సి.సి. బండ్లు కూడా అత్యధికం ఇంజెక్టరుకు, దానితోపాటు ఆక్సిజన్ సెన్సరుకు మారాయి. చోక్ లాగి, స్క్రూ తిప్పి ట్యూనింగ్ చేసే విద్యలో ఆరితేరిన మెకానిక్కులు స్కానరు చదవడం నేర్చుకోవలసి వచ్చింది.

ఇథనాలు కలిపిన పెట్రోలు ఈ సెన్సరు ప్రాముఖ్యాన్ని మరింత పెంచింది. 20 శాతం ఇథనాలు గల ఇ-20 పెట్రోలు అమ్మకం మన దేశంలో 2023లో ఆరంభమై, 2025 నాటికి దేశమంతటా వ్యాపించింది. ఇథనాలు అణువులో బరువును బట్టి 35 శాతం వరకు ఆక్సిజనే ఉంటుంది కనుక దానికి బయటి గాలి తక్కువ చాలు. లెక్క కడితే ఇ-20 సమతుల్య నిష్పత్తి సుమారు 13.5 వస్తుంది. అంటే 14.7కు సరిచేసి ఉన్న ఇంజను అదే గాలికి సుమారు 9 శాతం ఎక్కువ బరువు ఇంధనాన్ని ఇవ్వాలి. లాంబ్డా సెన్సరు ఉన్న బండి పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూసి, ఆ 9 శాతాన్ని తనంతట తానే సర్దుకుంటుంది. కార్బ్యురేటరు బండికి ఆ వసతి లేదు, మిశ్రమం పలుచబడి ఇంజను ఎక్కువగా వేడెక్కవచ్చు. అయితే సెన్సరు దిద్దగలిగేది పాళ్ళను మాత్రమే. ఇథనాలుకు తట్టుకోలేని రబ్బరు గొట్టాలు, వాషర్ల విషయంలో అది చేయగలిగేది ఏమీ లేదు. బ్రెజిల్ దేశంలో ఈ గుణాన్ని మరింత ముందుకు తీసుకుపోయారు. 2003లో అక్కడ విడుదలైన ఫోక్స్‌వ్యాగన్ గోల్ టోటల్ ఫ్లెక్స్ కారు, ట్యాంకులో ఇథనాలు ఎంత శాతమున్నదో లాంబ్డా సెన్సరు దిద్దుబాట్లను బట్టి లెక్కగట్టేది.

సెన్సరు మోసపోయే సందర్భాలు

లాంబ్డా సెన్సరుకు పెట్రోలు కనబడదు, ఆక్సిజన్ మాత్రమే కనబడుతుంది. మరమ్మతులలో జరిగే పొరపాట్లలో చాలా భాగం ఈ సంగతి మరచిపోవడం వల్లనే జరుగుతాయి. ఒక సిలిండరులో స్పార్కు పడలేదనుకుందాం. ఆ సిలిండరు పీల్చిన పెట్రోలు, గాలి రెండూ మండకుండా పొగగొట్టంలోకి వస్తాయి. పచ్చి పెట్రోలు వాసన ముక్కుపుటాలను తాకుతూ ఉంటుంది, సెన్సరు మాత్రం మిగిలిన ఆక్సిజన్‌ను చూసి "పలుచన" అంటుంది. కంప్యూటరు మరింత పెట్రోలు పోస్తుంది. అలాగే సెన్సరుకు ముందు పొగగొట్టంలో చిన్న పగులు ఉంటే, పొగ కొట్టుకునే లయలో బయటి గాలి లోపలికి చొరబడుతుంది, ఫలితం అదే. పి0171 సంకేతం చూడగానే సెన్సరును మార్చివేయడం కొందరికి అలవాటు. నిజానికి ఆ సెన్సరు తనకు కనబడినది నిజాయితీగా చెప్పిందే తప్ప, లోపం దానిలో లేదు. కొత్త సెన్సరు కొన్నా దీపం మళ్ళీ వెలుగుతుంది, యజమానికి కొన్ని వేల రూపాయల నష్టం మిగులుతుంది. స్పార్కు ప్లగ్గులు, గొట్టం అతుకులు, ఇన్‌టేక్ వైపు లీకులు, ఇంధన పీడనం పరీక్షించిన తరువాతనే సెన్సరును అనుమానించడం సరైన క్రమం.

సెన్సరు నిజంగా పాడయ్యే సందర్భాలు కూడా ఉన్నాయి. ఇంజను భాగాలు అతికించడానికి వాడే కొన్ని సిలికాన్ గమ్ముల ఆవిరి దానిపై తెల్లని పొరగా పేరుకుంటుంది. ఇంజను ఆయిలు మండుతుంటే అందులోని భాస్వరం, జింకు ప్లాటినాన్ని కప్పివేస్తాయి. హెడ్ గాస్కెట్ పోయి కూలెంట్ సిలిండరులోకి దిగినా ఇదే జరుగుతుంది. నల్లని మసి మాత్రం అంత ప్రమాదకరం కాదు, మిశ్రమం సరిచేసి వేడిగా నడిపితే కాలిపోతుంది. ముసలిదైన సెన్సరు పూర్తిగా మూగబోవడానికి ముందు మందకొడిగా మారుతుంది. చిక్కన నుండి పలుచనకు దాటడానికి పట్టే సమయం పెరుగుతుంది, ఊగిసలాట నెమ్మదిస్తుంది, మైలేజీ తగ్గుతుంది. హీటరు లేని తొలి రకాలు 50,000 నుండి 80,000 కిలోమీటర్ల వరకు, హీటరు ఉన్నవి లక్షన్నర కిలోమీటర్లకు పైగా మన్నుతాయని సాధారణ అంచనా.

విశాల పరిధి సెన్సరు

"ఎంత" అన్న ప్రశ్నకు కూడా సమాధానం చెప్పగల సెన్సర్లు 1990లలో వచ్చాయి. వీటిలో రెండు జిర్కోనియా కణాలు, వాటి నడుమ సన్నని గది ఉంటాయి. జిర్కోనియాకు బయటి నుండి విద్యుత్తు ఇస్తే అది ఆక్సిజన్‌ను ఒక వైపు నుండి మరొక వైపుకు తోడగలదు. ఒక కణం ఈ విధంగా పంపులా పనిచేస్తూ గదిలోని వాయువును ఎప్పుడూ లాంబ్డా 1 వద్ద ఉంచుతుంది, రెండవ కణం 0.45 వోల్టు వస్తున్నదో లేదో కాపలా కాస్తుంది. మిశ్రమం పలుచనైతే ఆక్సిజన్‌ను బయటకు తోడాలి, చిక్కనైతే లోపలికి తేవాలి. అందుకు అవసరమైన విద్యుత్ ప్రవాహం ఎంతో, లాంబ్డా 1 నుండి అంత దూరంలో ఉన్నదన్నమాట. మిల్లీఆంపియర్లలో ఉండే ఈ ప్రవాహాన్ని బట్టి కంప్యూటరు ఒకేసారి సరైన మోతాదులో దిద్దుకోగలుగుతుంది, వెదుకులాట తగ్గుతుంది. ఇటీవలి కార్లలో కన్వర్టరుకు ముందు ఈ రకాన్ని, తరువాత పాత మీట రకాన్ని వాడుతున్నారు. ఈ రెండింటి సంకేతాలు పూర్తిగా వేరు కనుక, ఒకదాని స్థానంలో మరొకటి బిగిస్తే పనిచేయదు.